రెండు డబ్బాల నడుమ పలికిన గొంతు

నేను ఐదో తరగతితో బడి మానేశాను. అయినా పాతికేళ్ళకు పైగా నరసరావుపేటలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ కంప్యూటర్లకు స్పీకర్లు బిగించి, వాటిని సరిగ్గా పలికించే పని చేశాను. ఇప్పుడు వేళ్ళు వణుకుతున్నాయి. సన్న స్క్రూ పట్టు దొరకడం లేదు. అందుకని మానేశాను.

ఈ మధ్య మా బజారులో ఇద్దరు ఆడపిల్లలు కొత్తగా ఈ పనిలోకి దిగి, "మంగక్కా, నీకు తెలిసింది కాస్త రాసి పెట్టు" అని పట్టుబట్టారు. రాయడం నాకు అలవాటు లేదు. మాట్లాడినట్టే రాస్తాను. ఏ తీగ ఎక్కడ పెట్టాలో ఇప్పుడు ఫోనే చూపిస్తుంది. ఫోను చూపించనివి నాలుగు చెబుతాను.

రంగులే నా అక్షరాలు

మా అమ్మ తమ్ముడు రామకోటయ్య మామయ్యకు బస్టాండు దగ్గర రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే కొట్టు ఉండేది. పెళ్ళికి ముందు నుంచే అక్కడ తీగలు అతికే పనికి కూర్చున్నాను. కొన్నేళ్ళకు కొట్టులోకి కంప్యూటర్లు వచ్చాయి. ఒకరోజు మామయ్య ఒక డబ్బా విప్పి, చెయ్యి వెడల్పున్న పచ్చ రేకు బయటికి తీసి నా ముందు పెట్టాడు.

"ఇదేనే సౌండు కార్డు. పాట అంతా దీంట్లోంచే రావాలి."

నేను తిప్పి తిప్పి చూశాను. "ఇందులో పాట యాడుంది మామయ్యా?"

"ఇందులో పాట ఉండదే. పాట కంప్యూటర్‌లో అంకెలుగా ఉంటది. ఆ అంకెల్ని ఇది కరెంటు చేసుద్ది. ఆ కరెంటుని స్పీకరు గాలి చేసుద్ది. ఆ గాలి నీ చెవిలోకొచ్చి పాటవుద్ది."

"అంకెలు గాలి ఎట్టా అవుతయ్?"

"అది తెలిస్తే నేనీ కొట్టులో ఎందుకుంటానే, ఏ ఢిల్లీలోనో ఉండేవోణ్ణి."

ఆయన నవ్వాడు గాని నాకు నవ్వు రాలేదు. ఆ రేకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. మనిషి గొంతుని అంకెలుగా మడిచి, మళ్ళీ గొంతుగా విప్పే వస్తువు నా ఒళ్ళో ఉంది. అన్నేళ్ళు పనిచేసి, కొన్ని వందల కార్డులు బిగించినా ఆ ఆశ్చర్యం నన్ను విడిచిపోలేదు.

నాకు ఇంగ్లీషు రాదు. కార్డు వెనక ఉన్న రంగులే నాకు అక్షరాలు. పచ్చ బెజ్జం ముందు స్పీకర్లకు. గులాబీ రంగు మైకుకు. నీలం బయటి టేపు నుంచి పాట లోపలికి తీసుకోవడానికి. నలుపు వెనక స్పీకర్లకు. నారింజ మధ్య డబ్బాకూ, బూమ్ బూమ్ అనే పెద్ద డబ్బాకూ. ఇక కంప్యూటర్ లోపల బొమ్మలుంటాయి. రెండు డబ్బాల బొమ్మ స్టీరియో, ఐదు డబ్బాలూ ఒక పెద్ద డబ్బా ఉన్న బొమ్మ సరౌండు. ఒక్కో డబ్బా మీద నొక్కితే అది పలకాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. ఇంట్లో రెండు డబ్బాలే పెట్టుకుని, ఎక్కువైతే మంచిదని ఐదు డబ్బాల బొమ్మ నొక్కుతారు. అప్పుడు సినిమాలో వాన వినపడుతుంది, గుర్రాలు వినపడతాయి, మనుషులు మాత్రం మూగవాళ్ళవుతారు. మాటల్ని కార్డు మధ్య డబ్బాకి పంపుతోంది, ఆ డబ్బా ఇంట్లో లేదు. మాట పోయిందని ఎవరైనా పిలిస్తే ముందు ఆ బొమ్మ చూడండి. పది ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళలో అదే. ఆ పదో ఇల్లే నన్ను ఇప్పటికీ పట్టుకుని ఉంది. దాని దగ్గరికి వస్తాను.

మామయ్య నాకు మొదటిసారి స్టీరియో వినిపించిన రోజు కొట్టు షట్టరు సగం దించి, రెండు డబ్బాలకూ సమదూరంలో స్టూలు వేసి, కళ్ళు మూసుకోమన్నాడు. పాట పెట్టాడు. పాడే ఆమె ఎడమ డబ్బాలో లేదు, కుడి డబ్బాలో లేదు. రెంటి నడుమ, ఏమీ లేని చోట నిలబడి పాడుతోంది. కళ్ళు తెరిచాను. అక్కడ గోడా, గోడకి క్యాలెండరూ ఉన్నాయి. లేచి వెళ్ళి క్యాలెండరు ఎత్తి చూశాను.

"ఏం దొరికిందే?" అన్నాడు మామయ్య.

"బల్లి" అన్నాను.

"రెండు డబ్బాలూ ఒకే మాటని ఒకే బలంతో, ఒకేసారి అన్నాయనుకో, మన చెవి ఆ మాట నడిమధ్యన పుట్టిందనుకుంటది. అంతే."

అంతే అన్నాడు. నాకైతే ఆ పూట అన్నం సయించలేదు. లేని చోట మనిషిని నిలబెట్టే పని ఇదని అర్థమయ్యాక, ఇక వేరే పని చెయ్యబుద్ధి కాలేదు.

పత్తి అమ్మాక చెడిపోయిన కార్డు

గురజాల వైపు ఒక రైతు ఇంట్లో సరౌండు పెట్టాను. ఆయన్ను బాబాయ్ అనేదాన్ని. పెద్ద హాలు. కింద నాపరాళ్ళు, గోడలు రాతివి. పెద్ద డబ్బా ఎక్కడ పెట్టాలని అడిగితే, "బరువు నైరుతిలో ఉండాలమ్మాయ్, కదపమాక" అన్నాడు. మన వైపు ఈ మాట ప్రతి ఇంట్లో వింటారు. వాదించవద్దు. లోతు శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి అంతగా పట్టదు కనుక ఆ ఒక్క డబ్బాని వాస్తుకి వదిలెయ్యవచ్చు. మిగతా ఐదూ మాత్రం మన మాట వినాలి.

ఆ ఇంట్లో సౌండు ఎంత బాగా పలికిందంటే, నేను అప్పటిదాకా అంత శుభ్రమైన సౌండు వినలేదు. వెనక డబ్బాలో పిట్ట కూస్తే పిన్నిగారు వెనక్కి తిరిగి, "ఉష్" అని చెయ్యి విదిలించింది.

రెండు నెలలకు బాబాయ్ ఫోను. "ఏందమ్మాయ్, నీ కార్డు చెడిపోయింది. మాట మీద మాట పడి ఏదీ తెలియట్లా. బావిలో నలుగురు కొట్టుకుంటన్నట్టుంది."

వెళ్ళి కార్డు మార్చాను. అదే గోల. ఇంకో కార్డు మార్చాను. అదే గోల. బాబాయ్ నా మొహం వంక చూస్తున్నాడు, నేను కార్డు వంక చూస్తున్నాను. ఇంతలో పిన్నిగారు మజ్జిగ తెచ్చి, "ఇప్పుడు ఇల్లు ఖాళీగా విశాలంగా ఉంది గదా అమ్మాయ్, అప్పుడు నువ్వు కూర్చోటానిక్కూడా చోటు లేదు" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. నేను మొదట బిగించిన రోజున ఆ హాల్లో సగం ఎత్తుదాకా పత్తి పోసి ఉంది. ధర వచ్చేదాకా ఇంట్లోనే ఉంచారు. గోడలకు తగిలి తిరిగి రావలసిన శబ్దాన్నంతా ఆ పత్తి తాగేసింది. పత్తి అమ్మేశారు. రాయి మిగిలింది. మంచి కార్డులు రెండు మార్చాను గాని, తల ఎత్తి గది వంక చూడలేదు.

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావ్, సినిమా చూట్టానికి మళ్ళీ పత్తి కొనమంటావా?" అన్నాడు బాబాయ్.

గోడలకు పాత బొంతలు కట్టించాను. పిన్నిగారు సిగ్గుపడి వాటి మీద మంచి చీరలు వేలాడదీసింది. సౌండు తిరిగొచ్చింది. మామయ్యకు చెబితే, "గది కూడా ఒక స్పీకరేనే" అన్నాడు. ఆయన పొదుపుగా అనే మాటలన్నిట్లో అది బంగారం. రాసి పెట్టుకోండి.

నాగరత్నమ్మ గారి పద్యం

ఇక ఆ పదో ఇల్లు. సత్తెనపల్లి దారిలో ఒక పల్లె. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు కనుక ఊరు పేరు రాయను, మనుషుల పేర్లూ మార్చాను.

నాగరత్నమ్మ ఒకప్పుడు పద్య నాటకాల్లో ఆడవేషాలు కట్టేది. ఆమె పద్యం ఎత్తుకుంటే తిరునాళ్ళలో మర్రిచెట్టు ఎక్కినవాళ్ళు కూడా దిగొచ్చి కూర్చునేవాళ్ళని చెప్పుకునేవారు. తర్వాత గొంతులో గడ్డ లేచింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఉత్త ఊపిరితో మాట్లాడేది. పక్కన కూర్చుంటేనే వినపడేది.

ఆమె పాడిన గుర్తుగా ఇంట్లో ఒకే ఒక్క క్యాసెట్ ఉండేది. ఎన్నడో ఎవరో స్టేజీ ముందు నడిమధ్యన రెండు మైకుల టేప్ రికార్డర్ పెట్టి పట్టినది. ఎడమవైపు హార్మోనియం, కుడివైపు తబలా, మధ్యలో ఈమె. కోడలు జ్యోతి ఆ క్యాసెట్‌ని పుట్టింటికి తీసుకెళ్ళి, అక్కడున్న కంప్యూటర్‌లోకి ఎక్కించి, పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని వచ్చింది. ఎక్కించడం అయ్యాక టేపు వెనక్కి తిప్పుతుంటే రీలు చుట్టుకుపోయి తెగి, నలిగి పనికిరాకుండా పోయింది. పుట్టింటి కంప్యూటర్‌లో ఉన్నది కూడా, పెన్ డ్రైవ్‌లో ఉంది గదా అని చెరిపేశారు. అంటే ఆ పెన్ డ్రైవ్‌లో ఉన్నదే నాగరత్నమ్మ గొంతు. ఇంకెక్కడా లేదు.

కొడుకు శ్రీను సున్నపురాయి క్వారీలో టిప్పర్ నడుపుతాడు. అమ్మ పద్యం అమ్మకు వినిపించాలని కంప్యూటరూ, ఐదు డబ్బాల స్పీకర్లూ కొని, శుక్రవారం మంచి గంట చూసి నన్ను పిలిచాడు.

అన్నీ బిగించాను. బొమ్మ మీద నొక్కి ఒక్కో డబ్బా పలికించాను. ముందు ఎడమ, ముందు కుడి, మధ్య, వెనక రెండూ. ఒక్కటి తప్పు పోలేదు. ఇంటిల్లిపాదీ చూశారు.

తర్వాత మా కొట్టు ఆచారం. పని పూర్తయ్యాక మామయ్య స్పీకరు పిన్ను బయటికి తీసి, దాని మెడకు పసుపు దారం మూడు చుట్లు చుట్టి, ముడేసి, మళ్ళీ గుచ్చేవాడు. కొత్త బండికీ, కొత్త మోటారుకీ కడతాం గదా, అలాగే. జనానికి అదంటే ఎంతో నమ్మకం. "రామకోటయ్య దారం కట్టిన సెట్టు చెడదు" అనేవాళ్ళు. నేనూ అలాగే పచ్చ పిన్ను తీసి దారం కట్టాను. ఆ స్పీకర్ల పిన్ను రబ్బరు కొత్త రకం, నున్నగా కిందికి సన్నబడింది. దారం రబ్బరు మీద నిలవకుండా జారి లోహం మొదట్లో కూర్చుంది. నా కళ్ళతో చూశాను. ఏమవుతుందిలే అని గట్టిగా గుచ్చాను.

శ్రీను కొబ్బరికాయ కొట్టాడు. జ్యోతి పెన్ డ్రైవ్ పెట్టింది. మొదటగా అమ్మ పద్యమే పలకాలని అందరం కూర్చున్నాం.

హార్మోనియం ఎత్తుకుంది. తబలా అందుకుంది. జనం ఈలలు కూడా వినపడ్డాయి. పద్యం రావలసిన చోటు వచ్చింది, పద్యం రాలేదు. ఎక్కడో పది బారల లోతు నూతిలో ఎవరో మూలిగినట్టు ఒక జీర. అంతే. హార్మోనియం మాత్రం ఎవరికోసమో ఆగుతూ, అందిస్తూ, ఆగుతూ పోతోంది.

శ్రీను నా వైపు తిరిగాడు. "ఏంది మంగక్కా ఇది? అమ్మ గొంతేది?"

బొమ్మ చూశాను. సరిగ్గానే ఉంది.

"మధ్య డబ్బా మాటల కోసమన్నావు గదా, అది పలకట్లేదేమో చూడు."

"అది సినిమాలకిరా. ఇది రెండు మైకుల క్యాసెట్టు. దీనికి ముందు రెండు డబ్బాలే పలకాలి, పలుకుతన్నయ్."

జ్యోతి గబగబా ముందుకొచ్చింది. "అక్కా, నేనిన్నాను. మా ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని మొత్తం ఇన్నాను. అత్తయ్య గొంతు నా తలకాయ లోపల నుంచి వచ్చినట్టే వచ్చింది. ఒట్టక్కా."

పిల్లలూ, ఇక్కడ ఆగి చదవండి. ఆ అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. నడిమధ్యన పట్టిన గొంతు హెడ్‌ఫోన్‌లో తల లోపలే పలుకుతుంది. వినని మనిషి ఆ మాట కల్పించలేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఏమన్నానో రాస్తున్నాను. "ఎక్కించేటప్పుడే పోయుంటదమ్మా. నా పనిలో లోపం లేదు. ఇప్పుడే గదా అన్నీ పలికించి చూపించాను."

ఇంకొక్క పాట పెట్టి చూడలేదు. పిన్ను మీద చెయ్యి వెయ్యలేదు.

శ్రీను అరవలేదు. అరిచినా బాగుండేది. "పెళ్ళైన కొత్తలో నువ్వే అన్నావు, మా అత్త నాటకాలాడిందంటే మావాళ్ళు నవ్వుతారని. ఇప్పుడు నవ్వుకోమను" అన్నాడు జ్యోతితో.

"ఎప్పుడో తెలియక అన్న మాట..." అంటోంది జ్యోతి.

నాగరత్నమ్మ చెయ్యెత్తింది. "వదిలెయ్‌రా" అంది ఊపిరితో. కోడలి వంక చూడకుండానే లేచి లోపలికి వెళ్ళింది. శ్రీను కరెంటు తీసేసి, కంప్యూటర్ మీద దుప్పటి కప్పాడు. నేను సంచి సర్దుకుని బస్సెక్కాను. తప్పు నాది కాదన్న ధీమాతో దారిలో నిద్రపోయాను కూడా.

పాడేవాళ్ళు పోయిన పాట

మూడు వారాల తర్వాత పల్నాడు రోడ్డులో ఉన్న ఒక టీచరమ్మ కొట్టుకి ఫోను చేసింది. "ఏమే మంగా, నువ్వు బిగించిపోయిన దగ్గర్నుంచి పాడేవాళ్ళందరూ మా ఇల్లు వదిలి పారిపోయారే. ఉత్త మేళం మిగిలింది. పెళ్ళివారు ఎప్పుడొస్తారో చెప్పు."

వెళ్ళాను. ఏ పాట పెట్టినా వాయిద్యాలే. గొంతు నూతిలో. ఆ నూతి నేను ఇదివరకు విన్నాను. కంప్యూటర్ వెనక్కి చెయ్యి పెట్టి పచ్చ పిన్ను వేళ్ళతో కాస్త కదిలించాను. పాడే ఆమె ఒక్క గెంతున గదిలోకి వచ్చింది. వదిలాను. వెళ్ళిపోయింది.

పిన్ను బయటికి తీశాను. అదే కొత్త రకం స్పీకరు. నా చేత్తో కట్టిన పసుపు దారం లోహం మొదట్లో నలిగి, పసుపు ముద్దతో గట్టిపడి ఉంది. పిన్ను కొసలో ఎడమ తీగ, దాని పైన కుడి తీగ, మొదట్లో రెంటికీ ఉమ్మడిగా తిరుగుదారి తీగ ఉంటాయి. దారం ఆ తిరుగుదారిని బెజ్జానికి తగలకుండా అడ్డుకుంది. అప్పుడు రెండు డబ్బాలూ ఎదురుబొదురుగా పనిచేస్తాయి. ఎడమలోనూ కుడిలోనూ సమానంగా ఉన్నది ఒకదాన్నొకటి చెరుపుకుని పోతుంది. ఓ పక్కన ఉన్నదే మిగులుతుంది. సమానంగా ఉండేది ఎవరు? నడిమధ్యన నిలబడి పాడే మనిషే.

లేని చోట మనిషిని నిలబెట్టే ఆ నేర్పే, ఒక్క నూలుపోగు అడ్డం వస్తే ఉన్న మనిషిని మాయం చేస్తుంది. అంత భయం, అంత ఆశ్చర్యం నాకు ఒక్కసారే ఎప్పుడూ కలగలేదు. పల్లెలో నేను అన్నీ పలికించి చూసింది దారం కట్టకముందు. కట్టాక చూడలేదు.

కొట్టుకొచ్చి మామయ్యకు చెప్పాను. ఆయన షట్టరు సగం దించాడు. తర్వాత, "పోయి దారం తీసేసిరా. తీగ పాడైతే మార్చానని చెప్పు. దారం సంగతి ఎత్తమాక" అన్నాడు.

"ఆ పిల్ల మీద నింద పడింది మామయ్యా."

"తీగ చెడిందంటే నింద పోద్ది గదే. దారం అంటే మాత్రం ఊరంతా కొట్టు మీదికొస్తారు. ముప్పై ఏళ్ళుగా కడతన్నాను. నమ్మకం పోద్ది."

"తీగ చెడిందంటే, ఆ రోజు నేను చూసే చెప్పాననీ, తీగే మోసం చేసిందనీ అనుకుంటారు. నేను చూడకుండా చెప్పానని ఎవరికి తెలుస్తది?"

"తెలిస్తే నీకేం వస్తది?"

మామయ్య గొప్ప పనివాడు. నాకు అన్నం పెట్టిన విద్య ఆయనది. కాని ఆయనకు కొట్టు పేరే ముందు, ఎదుటి మనిషి తర్వాత. అది తప్పని ఆయన ఉండగా అనలేకపోయాను, ఇప్పుడు అంటున్నాను. ఆ రోజు మాత్రం నేరుగా బస్టాండుకి నడిచాను.

కుర్చీ

ఆ ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నం. శ్రీను డ్యూటీ దిగి అన్నం తింటున్నాడు. నాగరత్నమ్మ మంచం మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. జ్యోతి నన్ను చూసి మంచినీళ్ళిచ్చి, వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. మనిషి సగమైంది. ఆ మూడు వారాల్లో అత్త ఆమెను పేరు పెట్టి పిలవలేదని తర్వాత తెలిసింది.

దుప్పటి తీశాను. పచ్చ పిన్ను పీకి, దారం కోసి, అరచేతిలో పెట్టుకుని శ్రీను ముందు చాపాను. మంగళవారం పూట పసుపు దారం కోస్తున్నానేమిటా అని నాగరత్నమ్మ తలెత్తింది.

"తప్పు నాదిరా శ్రీనూ. ఇది అడ్డుపడి మీ అమ్మ గొంతు మింగేసింది. కట్టింది నేను. కట్టాక చూసుకోకుండా, జ్యోతి మీదికి తోసింది నేను. ఆ పిల్ల ఆ రోజే నిజం చెప్పింది. నాకు వినపడలా."

శ్రీను చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "దారమా?"

"దారమే."

"మూడు వారాలక్కా" అన్నాడు. "మూడు వారాలు నేను దాంతో..." లేచి చెయ్యి కడుక్కున్నాడు.

పిన్ను తుడిచి గుచ్చాను. రెండు ముందు డబ్బాల మధ్య ఎంత దూరముందో, రెంటికీ అంతే దూరంలో ఒక కుర్చీ వేశాను. స్టీరియోకి మంచి చోటు ఒక్కటే, అందులో ఒక్క మనిషే పడతారు. జానెడు పక్కకి జరిగితే గొంతు ఆ పక్క డబ్బాలోకి ఒరిగిపోతుంది. నాగరత్నమ్మకు ఆ సంగతి చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. పద్యం పెట్టాను.

హార్మోనియం ఎత్తుకుంది. తబలా అందుకుంది. ఆ తర్వాత వచ్చిందమ్మా ఆ గొంతు. ఇటూ కాదు, అటూ కాదు, నడిమధ్యన, మనిషి ఎత్తున, నిలువునా నిలబడింది. రాగం తీస్తుంటే గోడ వెనక్కి జరిగి అక్కడ స్టేజీ పడిందనిపించింది. ఆ గొంతుతో పాడిన మనిషి మా ఎదురుగా మాట రాకుండా కూర్చుని ఉంది, ఆమె గొంతు ఆమె ఎదుట నిలబడి ఆమెకే పాడుతోంది.

నాగరత్నమ్మ లేచి, వంగి, మధ్య డబ్బా మీద అరచెయ్యి ఆనించింది. చప్పుడు లేదు. నా వంక చూసింది.

"ఇది పలకట్లేదే" అంది ఊపిరితో.

"లేదత్తా. పక్క రెండే పలుకుతన్నయ్. అక్కడ ఏమీ లేదు. మన చెవే అక్కడ మిమ్మల్ని నిలబెట్టింది."

మళ్ళీ కూర్చుంది. కళ్ళు మూసుకుంది. రాగం చివర ఒక చోట నొసలు ముడిచి, "ఇక్కడ తొందరపడ్డా" అని తప్పు పట్టింది. జనం చప్పట్లు కొట్టారు. 'మళ్ళీ' అని అరిచారు. టేపులో ఆమె మళ్ళీ ఎత్తుకోబోయే ముందు గుక్క తిప్పుకునే చప్పుడు కూడా వినపడింది.

అప్పుడు ఆపమని నాకు చెయ్యి చూపింది. ఆపాను. ఆమె వంటింటి గుమ్మం వైపు తిరిగింది. పిలిచినా వినపడదు కనుక చిటిక వేసింది. జ్యోతి వచ్చింది.

నాగరత్నమ్మ కుర్చీలోంచి లేచింది. కుర్చీ వంక చూపించింది.

"వద్దత్తయ్యా. మీరు కూకోండి. నేను ఇక్కడ్నుంచి ఇంటాను."

"అక్కడికి సరిగ్గా రాదంట" అంది నాగరత్నమ్మ. "కూకో."

జ్యోతి కొంగుతో చేతులు తుడుచుకుని కుర్చీ అంచున కూర్చుంది. నాగరత్నమ్మ ఆమె భుజాలు పట్టుకుని వెనక్కి ఆనించి, అటూ ఇటూ చూసి, కుర్చీని ఒక వేలెడు కుడికి జరిపింది. తర్వాత వెళ్ళి తబలా డబ్బా పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. అక్కడ నిలబడితే తన గొంతు తనకు సగమే వినపడుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"పెట్టమ్మాయ్ మొదట్నుంచి" అంది నాతో.

పెట్టాను. ఆ పద్యం అయ్యేదాకా ఆమె డబ్బాల వంక ఒక్కసారి కూడా చూడలేదు. కోడలి మొహమే చూస్తూ నిలబడింది.